విమానంలో ఏ పక్క కూర్చోవాలి?

మా ఊరి నుంచి నందికొట్కూరు పోయే పొద్దుటి బస్సులో కుడి పక్క సీట్లు ముందు నిండుతాయి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, ఒక్కోసారి చంటిపిల్లలు కూడా కుడి పక్క సీట్లలోకి వచ్చి పడతారు. కారణం వేరే ఏమీ లేదు, ఎండ. బస్సు దక్షిణానికి పోతుంది, పొద్దు ఎడమ పక్కన ఉంటుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఉత్తరానికి తిరుగుతుంది, పొద్దేమో పడమటికి మారి ఉంటుంది, మళ్లీ ఎడమ పక్కే ఎండ. అందుచేత మా ఊరి పెద్దల సూత్రం ఒకటే: పోయేటప్పుడూ కుడి, వచ్చేటప్పుడూ కుడి. ఎడమ పక్క కూర్చునేది ఆలస్యంగా వచ్చినవాళ్లూ, కొత్తల్లుళ్లూను.

ఈ సంచికకు ఏదైనా రాయమని మన సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, "నీ మొదటి విమాన ప్రయాణం రాయరా, హాస్టల్లో నెల రోజులు అదే చెప్పావు గదా" అన్నారు. నిజానికి నెల రోజులు చెప్పలేదు. పది రోజులు చెప్పాను. చెప్పిందీ అంతా కాదు. విమానంలో ఇచ్చిన నీళ్ల సీసా సంగతీ, బెల్టు పెట్టుకోవడం రాక పక్కాయన్ను చూసి పెట్టుకున్న సంగతీ చెప్పాను. చెప్పని సంగతి ఒకటుంది. అది కిటికీ సీటుకు సంబంధించింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన మే నెలలో బెంగుళూరులో ఒక విజ్ఞాన సంస్థవారు డిగ్రీ విద్యార్థులకు రెండు వారాల వేసవి శిక్షణ పెట్టారు. మా తరగతిలో ఇద్దరం ఎంపికయ్యాము. రానూపోనూ విమానం టిక్కెట్లు వాళ్లే తీసి పంపారు. కబురు ఇంటికి ఫోను చేసి చెబితే మా అమ్మ, "రైలు లేదా?" అంది. మా నాయన టిక్కెట్టు ఎంతో అడిగి, చెప్పాక కాసేపు మాట్లాడలేదు. మా జేజి మాత్రం ఫోను లాక్కుని, "ఏ దావన పోతాదిరా అది? మన ఏటి మీద పోతాదా?" అని అడిగింది.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడు మేముంటున్నది కొత్తూరు. అసలు ఊరు పాతూరు. అది కృష్ణ ఒడ్డున ఉండేది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు పూర్తి కావచ్చి, 1981లో నీళ్లు నిలబెట్టినప్పుడు, అటు పాలమూరు, ఇటు కర్నూలు జిల్లాల్లో మునిగిన ఊళ్లలో మాదీ ఒకటి. మా నాయనకు అప్పుడు ఎనిమిదేళ్లు. మా జేజినాయన మిద్దె పీకి దూలాలు, వాకిళ్లు, కడపబండలు బండ్లకెత్తి మెట్టకు తెచ్చాడు. ఇప్పటికీ మా ఇంటి తలవాకిలి పాతూరుదే. గడప మీద కాలు పెడితే మా జేజి ఇవ్వాళ్టికీ ఊరుకోదు.

వేసవిలో నీళ్లు దిగుతాయి. పూర్తి మట్టం 885 అడుగులు. 840 దరిదాపులకు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ప్రతి ఏడూ పేపర్లో ఆ ఫోటో వస్తుంది, మీరూ చూసే ఉంటారు. మా పాతూరు మొండిగోడలూ అలాగే కొన్నేళ్లు బయటపడతాయి, కొన్నేళ్లు పడవు. నీళ్లు వెనక్కి పోయిన బురదనేలలో మా నాయన శనగ వేస్తాడు. ఒకప్పటి మా పొలమే అది. కాగితాల మీద మాది కాదు. పరిహారం ఎకరాకు ఎంతొచ్చిందని నేను ఒకసారి అడిగితే, "బండ్ల బాడుగకు చాల్లేదు" అన్నాడు, అంతే. మా జేజి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అక్కడికి దిగలేదు. రమ్మంటే, "ఆ గోడలు నేను చూడను" అనేది. అటువంటి మనిషి, మన ఏటి మీద పోతాదా అని అడిగింది.

పోతుందని చెప్పాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఊరు కూడా కనిపిస్తుంది జేజీ, చూసి చెప్తాలే" అన్నాను.

ఆ రాత్రి హాస్టల్లో పటం ముందేసుకుని కూర్చున్నాను. శంషాబాదు నుంచి దేవనహళ్లికి గీత గీస్తే సుమారు 455 కిలోమీటర్లు. గీత దక్షిణానికి, కొద్దిగా పడమటికి ఒరుగుతుంది. 140 కిలోమీటర్ల దగ్గర కృష్ణ దాటుతుంది, ఆ వెంటనే అలంపురం దగ్గర తుంగభద్ర. రెండు నదులూ కలిసే చోటు గీతకు కాస్త ఎడమగా పడుతుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉండిన చోటు అది. ముంపుకు ముందు ఆ గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఊళ్లను అలా విప్పి కట్టడం కుదరదు గదా. శ్రీశైలం వెనుక జలాలన్నీ గీతకు ఎడమ పక్కనే. మా పాతూరు ఎడమ పక్క, గీతకు ఇరవై కిలోమీటర్ల దూరం. కర్నూలు పట్టణం కుడి పక్కన పడుతుంది. సందేహం లేదు, ఎడమ కిటికీ. విమానాల్లో ఎడమ కిటికీకి ఎ అనీ, కుడి కిటికీకి ఎఫ్ అనీ పేరు. రెక్క అడ్డం రాకుండా బాగా వెనుక వరస కావాలి.

ఇటువంటి లెక్క నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఢిల్లీ నుంచి ఖాట్మండు పోయేవాళ్లు ఎడమ పక్క అడిగి కూర్చుంటారట, హిమాలయాలు ఉత్తరాన ఉంటాయి గనుక. వచ్చేటప్పుడు కుడి పక్క. హైదరాబాదు నుంచి గన్నవరం పోతే కృష్ణ కుడి పక్కన ఉంటుంది. పటం చూసే ఓపిక ఉంటే ఎవరైనా చెప్పుకోగల సంగతులే ఇవి. పైలట్లు మాత్రం మన గీత మీదే పోవాలని లేదు. గాలిని బట్టి, ఇతర విమానాలను బట్టి అటూఇటూ జరుగుతారు.

టిక్కెట్టు సంస్థవారిదే గాని, కావలసిన సీటు ఎంచుకోవాలంటే మన డబ్బే కట్టాలి. మూడు వందల యాభై అడిగింది. మా ఊళ్లో దాదాపు ఒక మనిషి ఒకరోజు కూలి. రెండు రోజులు ఆలోచించి మా నాయనకు ఫోను చేశాను. డబ్బు సంగతి చెప్పలేదు, ఎడమ పక్క కూర్చుంటున్నానని మాత్రం చెప్పాను.

"పొద్దున బండి గదా?" అన్నాడు.

"ఏడు గంటలకు నాయనా."

"దక్షిణం పోయేదానికి పొద్దున ఎడమ పక్క అంటే ఎండ మొగాన కొడుతుంది గదరా. కుడి పక్క కూర్చో."

నేను నవ్వాను. "అది నందికొట్కూరు బస్సు కాదు నాయనా. లోపల చల్లగా ఉంటుంది" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. డబ్బు కట్టేశాను. 24ఎ.

విమానం పడమటికి లేచి ఎడమకు తిరిగింది. తిరిగేటప్పుడు నా కిటికీ నేలవైపు వంగింది. చెరువులు, రాళ్ల గుట్టలు, కొత్త కాలనీల గళ్లు. ఆ అయిదు నిమిషాలూ నా మూడు వందల యాభై గిట్టుబాటు అయిందనుకున్నాను. ముప్పై వేల అడుగుల ఎత్తు అని పైలట్ చెప్పాడు. అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు. ఆ ఎత్తు నుంచి దిగంతం 340 కిలోమీటర్లు అవతల ఉంటుందని నేను ముందే కట్టిన లెక్క. 340 కనిపించేచోట ఇరవై ఒక లెక్కా!

ఏడూ ఇరవై అయిదుకు కృష్ణ వచ్చింది. నా ఫోనులో పటం ముందే దింపుకుని, మా పాతూరు ఉండే చోట గుర్తు పెట్టుకున్నాను. నీలం చుక్క ఆ గుర్తుకు సరిగ్గా పక్కకు వచ్చింది. కిటికీకి మొహం ఆనించి చూశాను.

వెండి. మిత్రులారా, వేరే మాట లేదు. తూర్పున ఉన్న నీళ్లన్నీ ఒక్కటే వెండి రేకు. కంటిలో సూది గుచ్చినట్టు మెరుపు. ఒడ్డు ఏదో నీరు ఏదో తెలియదు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, కళ్లు చికిలించాను, ఫోనుతో తీశాను. ఫోనులో తెల్లటి మరక పడింది. కళ్లు తుడుచుకునేలోగా తుంగభద్ర కూడా వెనక్కి పోయింది.

పదో తరగతి పాఠమే అది. కాంతి ఎంత కోణంలో పడుతుందో అంతే కోణంలో తిరిగి లేస్తుంది. మే నెలలో ఆ వేళకు సూర్యుడు తూర్పున దాదాపు 23 డిగ్రీలు పైకి వచ్చి ఉంటాడు. తొమ్మిది కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలోని నీటిని చూస్తే, ఆ చూపు కిందికి వాలే కోణం దాదాపు అంతే. కావాలని లెక్క కట్టి అద్దం పట్టుకున్నా అంత సరిగ్గా కుదరదు. ప్రయోగశాలలో ఇదే కోణాన్ని దర్పణంతో పదిసార్లు కొలిచినవాణ్ణి. మా నాయన ఒక్కసారీ కొలవలేదు, ఎండ మొగాన కొడుతుంది అన్నాడు.

దిగీ దిగగానే ఫోను మోగింది. జేజి.

"చూసినావా?"

కనపడలేదు జేజీ, ఎండ అని చెప్పడానికి నోరు తెరిచాను. అవతల ఊపిరి వినిపిస్తోంది. పనులన్నీ మాని పొద్దుట్నుంచీ ఫోను దగ్గరే కూర్చుందని అమ్మ తరువాత చెప్పింది. నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"చూసినా జేజీ. బాగా కనపడింది. మన గుడి కాడ చింతమాను కూడా కనపడింది."

ఆ చింతమాను గురించి నేను చిన్నప్పట్నుంచీ విన్నాను. ఆ మాను కింద పంచాయితీలు, ఆ మాను కింద ఉయ్యాల, ఆ మాను చింతపండు ఊరందరికీ ఏడాది పొడుగునా. అందుకే అది నోట్లోకి వచ్చింది.

"అట్లనా" అంది జేజి. ఫోను మా నాయనకిచ్చింది.

మా నాయన పెరట్లోకి నడిచినట్టున్నాడు, కోళ్ల చప్పుడు వినపడింది. "రేయ్," అన్నాడు మెల్లగా, "ఆ మానును మీ జేజినాయన 81లోనే కొట్టేసినాడురా. కలప అమ్మి బండ్ల బాడుగ కట్టినాడు. మీ జేజి మూడు దినాలు కూడు తినలేదు." కోప్పడలేదు. "అన్నం తిను, ఎండన తిరగబాక" అని పెట్టేశాడు.

ఆ రెండు వారాల శిక్షణ గురించి రాస్తే ఇది వేరే వ్యాసం అవుతుంది. మంచి భోజనం, మంచి గ్రంథాలయం, ఇంగ్లీషు తొందరగా మాట్లాడే పిల్లలు. ఒక సాయంకాలం అక్కడి అధ్యాపకులొకరు మనిషి కన్ను ఎంత చిన్నదాన్ని విడదీసి చూడగలదో చెప్పారు. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. నేను నోటుపుస్తకం చివరి పేజీలో కట్టుకున్నాను. ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో అది 6 మీటర్ల పైమాట. అంటే పది మీటర్ల మిద్దె ఒక చుక్క. చింతమాను ఉన్నా కూడా ఒకటి రెండు చుక్కలు. మే నెల దుమ్ములో ఆ చుక్కలూ నేలరంగులో కలిసిపోతాయి. ఎండ లేకపోయినా, ఎడమ పక్కైనా కుడి పక్కైనా, గుర్తుపట్టేలా ఊరు కనపడేది కాదు. బయలుదేరే ముందు కట్టవలసిన లెక్క ఇది. దిగంతం లెక్క కట్టి జేజికి మాటిచ్చినవాణ్ణి, ఈ లెక్క అప్పుడు తోచలేదు.

ఆ పద్నాలుగు రోజుల్లో మా జేజి ఫోనులో ఒక్కసారి కూడా ఊరి సంగతి ఎత్తలేదు. తిన్నావా, నిద్రపోతున్నావా, అంతే. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

తిరుగు ప్రయాణం సాయంత్రం అయిదింటికి. సీటుకు డబ్బు కట్టలేదు. కట్టడానికి మొహం చెల్లలేదు, జేబులోనూ అంత లేదు. వాళ్లే ఇచ్చింది 17ఇ. కుడి పక్క మూడు సీట్లలో నడిమిది. కిటికీ దగ్గర ఒక పెద్దాయన తెర కిందికి లాగి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఉత్తరానికి పోతున్నాము. తూర్పు కుడి పక్కకు వచ్చింది, సూర్యుడు పడమట, మా వెనుక. మా నాయన బస్సు లెక్కన చూసినా, నా పటం లెక్కన చూసినా, రెండూ కలిసే సీటు అదొక్కటే. అది ఆయనది, ఆయన నిద్రపోతున్నాడు.

అయిదున్నర అయింది. నీలం చుక్క కర్నూలు దగ్గరికి వస్తోంది. లేపాలా వద్దా అని చాలాసేపు కొట్టుకున్నాను. చివరికి మోచేయి తగిలింది. తగిలిందనే రాస్తున్నాను. ఆయన కళ్లు తెరిచాడు. ఇంగ్లీషులో క్షమించమని, తెర రెండు నిమిషాలు తీస్తారా, కింద మా ఊరుందని చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూసి, "ఏ ఊరు బాబూ?" అన్నాడు తెలుగులో. శ్రీశైలం ముంపు ఊరన్నాను. వెంటనే తెర పైకి తోశాడు. సీటు ఇవ్వలేదు, బెల్టు దీపం వెలుగుతోంది, లేవడానికి లేదు. కాని వెనక్కి ఆనుకుని నాకు చోటిచ్చాడు.

మెరుపు లేదు. నీళ్లు మామూలు నీళ్లలా, ముదురు పచ్చగా ఉన్నాయి. వాటి చుట్టూ ఎండిన బురద పట్టీలు పట్టీలుగా, ఒక్కొక్క పట్టీ నీళ్లు ఒక్కొక్క నెల ఎక్కడ నిలిచాయో గీసినట్టు. ఆ పట్టీల మీద సన్నటి గళ్లు, ఎవరెవరో వేసి కోసుకున్న చేలు. అవతల నల్లమల నీలం గీత. ఊరు కనపడలేదు. కనపడదని నాకిప్పుడు తెలుసు. పెద్దాయన నా ఫోను తీసుకుని అద్దానికి ఆనించి మూడు నాలుగు ఫోటోలు తీసి ఇచ్చాడు. "మీవాళ్లు ఎక్కడికి పోయారు?" అని అడిగాడు. "పైన మెట్ట మీదికి, ఎక్కువ దూరం పోలేదు" అన్నాను. దిగేదాకా మళ్లీ తెర వేయలేదు.

ఇంటికి పోయిన రోజు సాయంత్రం జేజి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని, "జేజీ, పోయేటప్పుడు నాకు ఏమీ కనపడలేదు. అబద్ధం చెప్పినా" అన్నాను.

"తెలుసులే" అంది. గింజలు తీస్తూనే ఉంది.

ఫోటో చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. "దీంట్లో ఊరు యాడుందిరా?" నాకు తెలియదన్నాను. అది నిజమే. మా నాయన ఎద్దుకు నీళ్లు పెట్టి వచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. ఆయన ఎప్పుడూ విమానం ఎక్కలేదు, ఏ పటమూ చదివినవాడు కాడు. ఒక్క నిమిషం చూశాడు. "ఇది సంగమేశ్వరం దిక్కు. భవనాశి ఇట్ల వచ్చి కలుస్తాది. ఇదో ఈ వంక మన చేను గట్టు. దానికి పైన బూడిదరంగు మచ్చ ఉండాది చూడు, అది ఊరు" అన్నాడు. నేను ఆ మచ్చను లక్షసార్లు చూసినా బురద అనే అనుకుని ఉండేవాణ్ణి.

జేజి దాని మీద బొటనవేలు పెట్టింది. వేలు తగలగానే బొమ్మ పక్కకు జారిపోయింది. "అయ్యో, పోయిందిరా!" అని ఉలిక్కిపడి ఫోను నా చేతిలో పెట్టేసింది. నేను మళ్లీ తెచ్చి చూపించాను. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. చెట్టు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"ఇంత చిన్నదా మన ఊరు" అంది చివరికి. తరువాత గింజల పళ్లెం దగ్గరికి లాక్కుని, "నీకు ఉద్యోగం వస్తే ఈసారి మీ నాయన్ను పిల్చకపో. కిటికీ కాడ వాన్ని కూర్చోబెట్టు" అంది.

"పొద్దున బండి మాత్రం వద్దు, ఎండ" అన్నాడు మా నాయన.